దారి తెగిందని తెలిసేదెలా? బెల్‌మన్ బతుకు చెప్పే లెక్క

2020 అక్టోబరు 13 రాత్రిని రాజేంద్రనగర్, శంషాబాద్ వైపు ఉండేవాళ్లు అంత తేలిగ్గా మర్చిపోరు. కుండపోత వానకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగింది. వరద బెంగళూరు హైవేను కోసేసింది. బండ్లు కొట్టుకుపోయాయి, ప్రాణాలు పోయాయి. ఆరాంఘర్ దాటి శంషాబాద్ వెళ్లే దారి అక్కడితో ఆగిపోయింది. ఎయిర్‌పోర్టుకు వెళ్లాల్సినవాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. ఆ రాత్రి మీరు మెహిదీపట్నంలో కారెక్కి ఎయిర్‌పోర్టుకు బయల్దేరారనుకోండి. రోడ్డు తెగడం ఒక సమస్య. తెగిందన్న సంగతి మీదాకా రాకపోవడం అంతకంటే పెద్ద సమస్య. ముందే తెలిస్తే ఔటర్ మీదుగా వెళ్తారు. తెలియకపోతే నీళ్లలోకి వెళ్తారు.

బీటెక్ ఫైనలియర్‌లో నా ప్రాజెక్టు సరిగ్గా దీని మీదే. మొబైల్ అడ్‌హాక్ నెట్‌వర్కుల్లో తెగిన లింకులను గుర్తించడం అని టైటిల్ గొప్పగా పెట్టాం. టవర్లు, కేబుళ్లు లేకుండా ఫోన్లూ లాప్‌టాప్‌లే ఒకదాని డేటాను ఇంకొకటి చేరవేసుకునే నెట్‌వర్క్ అన్నమాట. వరదకు టవర్లు పడిపోయిన చోట, సైనికులు అడవిలో తిరిగే చోట ఇలాంటివి అక్కరకొస్తాయి. మనుషులు కదులుతుంటే ఫోన్లూ కదులుతాయి కాబట్టి లింకులు ఎప్పటికప్పుడు తెగుతూనే ఉంటాయి. ఎన్ఎస్-2లో సిమ్యులేషన్ నడిపాం, గ్రాఫులు గీశాం, బైండింగ్ చేయించాం. వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగింది ఒకటే ప్రశ్న. పక్క నోడ్ రేంజ్ దాటి పోతే, పోతున్నానని చెప్పి పోదు కదా, మరి ఈ నోడ్‌కు ఎలా తెలుస్తుంది? నేను నోరు తెరవలేదు.

జవాబు కోసం తర్వాత పుస్తకాలు తిరగేస్తే, వెనక్కి వెనక్కి వెళ్లి ఒక మనిషి దగ్గర ఆగాను. పేరు మీకూ తెలుసు. బెల్‌మన్-ఫోర్డ్ అల్గారిథమ్‌లోని బెల్‌మన్. డైనమిక్ ప్రోగ్రామింగ్ పేరు వింటే చెమటలు పడతాయే, ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. అల్గారిథమ్ బట్టీ పట్టినవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఆయన ఎలా బతికారో తెలిసినవాళ్లు తక్కువ. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఆ రెండోదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

కిరాణా కొట్టు నుంచి ప్రిన్స్‌టన్ దాకా

రిచర్డ్ బెల్‌మన్ 1920 ఆగస్టు 26న న్యూయార్క్‌లో పుట్టారు. నాన్న బ్రూక్లిన్‌లో చిన్న కిరాణా కొట్టు నడిపేవారు. పిల్లాడికి తొమ్మిదేళ్లు వచ్చేసరికి అమెరికాను ఆర్థిక మాంద్యం కమ్మేసింది. 1941లో ఆయన గణితంలో డిగ్రీ తీసుకున్నది బ్రూక్లిన్ కాలేజీలో. అప్పట్లో అక్కడ ఫీజు లేదు, నగరం ఖర్చుతో నడిచే కాలేజీ అది. మన దగ్గర ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివినట్టే అనుకోండి. అక్కడి నుంచి విస్కాన్సిన్ యూనివర్సిటీకి వెళ్లి మాస్టర్స్ చేశారు.

ఈలోగా రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పడింది. చదువు దారి మధ్యలో తెగింది. అణుబాంబు తయారైన లాస్ అలమోస్‌లో, థియరిటికల్ ఫిజిక్స్ విభాగంలో ఆయన పనిచేయాల్సి వచ్చింది. శుద్ధ గణితం చదువుకోవాలనుకున్న కుర్రాడు లెక్కలు నిజం పనులకు ఎలా ఉపయోగపడతాయో అక్కడ దగ్గర్నుంచి చూశారు. యుద్ధం అయిపోయాక ప్రిన్స్‌టన్‌లో సాలమన్ లెఫ్‌షెట్జ్ అనే పెద్ద గణితవేత్త దగ్గర 1946లో పీహెచ్‌డీ పూర్తిచేశారు.

స్టాన్‌ఫోర్డ్ వదిలి ర్యాండ్‌కు

తర్వాతి ఉద్యోగం స్టాన్‌ఫోర్డ్‌లో. ఆయనకు ఇష్టమైన సబ్జెక్టు నంబర్ థియరీ. ఆ దారిలోనే నడిస్తే పేరున్న ప్రొఫెసర్‌గా జీవితం హాయిగా గడిచిపోయేది. కానీ 1949 వేసవిలో కాలిఫోర్నియాలోని ర్యాండ్ కార్పొరేషన్‌కు వెళ్లినప్పుడు వేరే రకం ప్రశ్నలు ఎదురయ్యాయి. ఒకదాని తర్వాత ఒకటి నిర్ణయాలు తీసుకుంటూ పోవాలి, ప్రతి నిర్ణయం తర్వాత పరిస్థితి మారిపోతుంది. అలాంటప్పుడు మొత్తం మీద మేలు జరిగేలా ఎంచుకోవడం ఎలా? 1952లో ఆయన స్టాన్‌ఫోర్డ్ వదిలేసి ర్యాండ్‌లో చేరిపోయారు. మన ఇళ్లలో అయితే యూనివర్సిటీ ఉద్యోగం వదులుకుంటావా అని నాలుగు రోజులు అన్నం మానేసేవాళ్లు.

ఆ ప్రశ్నకు ఆయన కనుక్కున్న జవాబే డైనమిక్ ప్రోగ్రామింగ్. 1957లో అదే పేరుతో పుస్తకం వచ్చింది. దాని గుండెకాయ ఒక్క సూత్రం, ప్రిన్సిపల్ ఆఫ్ ఆప్టిమాలిటీ. తేలిక మాటల్లో చెప్తాను. మీరు ఇక్కడికి ఏ దారిన వచ్చారు, వచ్చేటప్పుడు ఎన్ని తప్పులు చేశారు అన్నది ముందు లెక్కకు అవసరం లేదు. ఇప్పుడున్న చోటు మొదలు అని పెట్టుకుని, ఇక్కడి నుంచి మిగిలిన నిర్ణయాలు అత్యుత్తమంగా ఉండాలి. అంతే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ కావాలి.

డైనమిక్ ప్రోగ్రామింగ్ పేరు వెనక ఓ సరదా కథ కూడా ఉంది. అప్పటి రక్షణ మంత్రి చార్లెస్ విల్సన్‌కు రీసెర్చ్ అన్న మాటంటే గిట్టేది కాదట. నిధులు ఆగకుండా, లోపల జరుగుతున్నది గణితమని పైకి కనపడకుండా, ఎవరూ కాదనలేని పేరు వెతికి ఇది పెట్టానని బెల్‌మన్ తన ఆత్మకథలో రాసుకున్నారు. విల్సన్ మంత్రి అయింది 1953లో, ఆ పేరు అంతకు ముందే వాడుకలోకి వచ్చింది కాబట్టి కథలో తేదీలు పూర్తిగా కలవవు. అయినా ఒకటి నిజం. మీరు చేసిన పని ఎంత బాగున్నా, వినేవాళ్లకు ఎక్కే పేరు పెట్టకపోతే అది ముందుకు కదలదు. రెజ్యూమేలో ప్రాజెక్టు టైటిల్ రాసేటప్పుడు ఇది గుర్తుంటే చాలు.

ఊళ్లూ, రోడ్లూ, ఒక చిన్న పేపర్

1958లో ఆయన ఓ చిన్న పేపర్ అచ్చేశారు. అందులో అడిగింది చాలా మామూలు ప్రశ్న. కొన్ని ఊళ్లున్నాయి, వాటి మధ్య రోడ్లున్నాయి. రోడ్డు బాగోగులను బట్టి, ట్రాఫిక్‌ను బట్టి ఒక్కో రోడ్డుకు ఒక్కో సమయం పడుతుంది. ఈ ఊరి నుంచి ఆ ఊరికి తక్కువ టైంలో చేరే దారేది?

ఆయన జవాబు ఇలా సాగుతుంది. శంషాబాద్‌కు నాకెంత దూరం అన్నది తెలియాలంటే, ముందు నా పక్క ఊళ్లకు అక్కడికి ఎంత దూరమో తెలియాలి. పక్క ఊరి దాకా నాకు పట్టే సమయం, అక్కడి నుంచి దానికి పట్టే సమయం కలపాలి. అన్ని పక్క ఊళ్లకూ ఇలా కలిపి చూసి, తక్కువ వచ్చినదాన్ని ఉంచుకోవాలి. అన్ని ఊళ్లూ ఇదే పని మళ్లీ మళ్లీ చేస్తుంటే కొన్ని రౌండ్లలో సరైన లెక్క తేలిపోతుంది. ఇలాంటి పద్ధతినే ర్యాండ్‌లో పనిచేసిన లెస్టర్ ఫోర్డ్ 1956లో చెప్పారు. అందుకే పేరులో ఇద్దరూ ఉన్నారు.

పదేళ్లు తిరిగాయి. 1969లో ఇంటర్నెట్‌కు తాత లాంటి అర్పానెట్ మొదలైంది. దాని మొదటి రూటింగ్ పద్ధతి ఈ లెక్క మీదే నడిచింది. ప్రతి యంత్రం తన పక్కవాళ్ల పట్టికలు తీసుకుని తన పట్టిక దిద్దుకుంటుంది. మన సిలబస్‌లో డిస్టెన్స్ వెక్టర్ రూటింగ్ అని చదివేది ఇదే.

మంచి కబురు పరుగు, చెడ్డ కబురు నత్తనడక

ఇక్కడే అసలు చిక్కు మొదలైంది. తప్పు బెల్‌మన్‌ది కాదు. ఆయన లెక్క చేసింది మ్యాప్ మొత్తం కళ్ల ముందున్న మనిషి కోసం, మారని రోడ్ల కోసం. నెట్‌వర్కులో మాత్రం ఎవరికీ పూర్తి మ్యాప్ కనపడదు, పక్కవాడి మాటే ఆధారం. పైగా రోడ్లు తెగుతుంటాయి.

మన దారినే తీసుకుందాం. మెహిదీపట్నం, ఆరాంఘర్, శంషాబాద్ వరసగా మూడు నోడ్లు అనుకోండి. శంషాబాద్‌కు ఆరాంఘర్ ఒక అడుగు దూరం, మెహిదీపట్నం రెండు అడుగులు. గగన్‌పహాడ్ దగ్గర లింకు తెగింది. ఆరాంఘర్ తన దారి పోయిందని గ్రహించి, ఇంకెవరికైనా దారి ఉందా అని చూస్తుంది. మెహిదీపట్నం పట్టికలో శంషాబాద్ రెండు అడుగులు అని ఇంకా రాసే ఉంది. ఆ రెండు అడుగుల దారి తన మీదుగానే పోతుందని ఆరాంఘర్‌కు తెలియదు. అక్కడిదాకా ఒకటి, అక్కడి నుంచి రెండు, మొత్తం మూడు అని రాసుకుంటుంది. ఆరాంఘర్‌కు మూడు అయితే నాకు నాలుగు అని మెహిదీపట్నం దిద్దుకుంటుంది. దానికి నాలుగైతే నాకు ఐదు అని మళ్లీ ఆరాంఘర్. ఇలా అంకె పెరుగుతూ పోతుంది, ఆలోగా డేటా రెండింటి మధ్య బంతిలా తిరుగుతుంటుంది. దారి మాత్రం ఉండదు. దీన్నే కౌంట్ టు ఇన్ఫినిటీ అంటారు. ఆ తర్వాత వచ్చిన రిప్ ప్రోటోకాల్‌లో దీనికి అడ్డకట్టగా 16 అంటే అనంతం అని గీత గీశారు. అంకె 16కు చేరితే దారి లేనట్టే.

ఇది క్లాసులో చదివినప్పుడు నాకు ఎక్కలేదు. ఉద్యోగం వేటలో ఎక్కింది. ఓ కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది, జాయినింగ్ డేట్ చెప్పలేదు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకడు వచ్చే నెలలో పిలుస్తారట అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను ఇంట్లో చెప్పా, ఇంకో ఫ్రెండ్‌కు చెప్పా. నెల గడిచింది. ఆ ఫ్రెండ్ వచ్చి వచ్చే నెల ఖాయమట అన్నాడు. ఎవరు చెప్పార్రా అని ఆరా తీస్తే తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. నా మాటే నాకు కబురై వస్తుంటే, దాన్ని నమ్మి ఎనిమిది నెలలు కూర్చున్నా. కంపెనీతో లింకు ఎప్పుడో తెగిపోయింది. నేనే అంకె పెంచుకుంటూ పోయా.

రెండు సెకన్ల మౌనం

వైర్‌లెస్ నెట్‌వర్కులకు వచ్చేసరికి ఈ జబ్బుకు మందు వెతకక తప్పలేదు. 1994లో ఛార్లెస్ పెర్కిన్స్, మన దేశానికి చెందిన ప్రవీణ్ భగవత్ కలిసి డీఎస్‌డీవీ అనే పద్ధతి తెచ్చారు. లెక్క బెల్‌మన్-ఫోర్డ్‌దే. కొత్తగా చేసిందల్లా ప్రతి కబురు మీదా ఒక వరస సంఖ్య వేయడం. గమ్యం స్వయంగా ఇచ్చే కబురుకు సరి సంఖ్య, లింకు తెగిందని పక్కవాడు చెప్పే కబురుకు బేసి సంఖ్య. దాంతో ఏది తాజా కబురో, ఏది పాత కబురు ప్రతిధ్వనో తేలిపోతుంది. ఆరాంఘర్ ఇక మెహిదీపట్నం పాత పట్టికను నమ్మి మోసపోదు.

తర్వాత వచ్చిన ఏఓడీవీ, 2003లో ప్రయోగాత్మక పత్రంగా అచ్చయింది. నా వైవా ప్రశ్నకు జవాబు అందులో ఉంది. దారిలో ఉన్న నోడ్ సెకనుకోసారి హలో అని చిన్న సందేశం వదులుతుంది. పక్క నోడ్ నుంచి రెండు సెకన్ల పాటు హలో గానీ మరే ప్యాకెట్ గానీ రాకపోతే ఆ లింకు తెగినట్టే లెక్క. పంపిన ప్యాకెట్‌కు అందిందన్న రసీదు మళ్లీ మళ్లీ పంపినా రాకపోయినా అంతే. తెగిందని తేలగానే, ఆ దారిని వాడుతున్న వెనక నోడ్లకు రూట్ ఎర్రర్ సందేశం వెళ్తుంది. మొదట పంపినవాడు కొత్త దారి వెతుక్కుంటాడు.

గమనించారా? పోయేవాడు చెప్పి పోడు. మౌనమే కబురు. కాకపోతే ఎంతసేపటి మౌనాన్ని తెగినట్టు లెక్కపెట్టాలో ముందే రాసిపెట్టుకోవాలి. గడువు మరీ తక్కువ పెడితే ఒక్క హలో దారిలో పోయినా బాగున్న లింకును తెంపేసుకుంటాం. మరీ ఎక్కువ పెడితే లేని దారిలోకి ప్యాకెట్లు పంపుతూ కూర్చుంటాం. నోడ్లు వేగంగా కదిలే చోట గడువు ఎంత ఉండాలన్నది ఇంజినీర్ తేల్చుకోవాల్సిన సంగతి.

1973లో తెగిన దారి

మళ్లీ బెల్‌మన్ దగ్గరికి వద్దాం. 1965లో ఆయన యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో చేరారు. గణితం, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్, వైద్యం, మూడింటికీ ప్రొఫెసర్. బీటెక్ వాడివి బయాలజీ నీకెందుకు అనే మన ఊళ్లో ఇది వింతగా ఉంటుంది. ఆయన మాత్రం మందు ఒంట్లో ఎలా పాకుతుందన్న ప్రశ్ననూ లెక్కల్లోకి తెచ్చారు. గణితాన్నీ జీవశాస్త్రాన్నీ కలిపే పత్రిక ఒకటి స్థాపించారు. 1970లో లాట్ఫీ జాదేతో కలిసి, సమాచారం స్పష్టంగా లేనప్పుడు నిర్ణయాలు ఎలా తీసుకోవాలన్న దాని మీద పేపర్ రాశారు.

1973లో మెదడులో కణితి ఉందని తేలింది. ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత వచ్చిన సమస్యలతో శరీరం తీవ్రంగా దెబ్బతింది. అప్పటికి ఆయన వయసు 53. ఎక్కడా ఒక్కచోట నిలవని మనిషికి ఇంతకంటే పెద్ద దారి తెగడం ఏముంటుంది? సాధించింది చాల్లే అని ఆగినా ఎవరూ తప్పుపట్టరు.

ఆయన ఆగలేదు. ఆ తర్వాత బతికిన 11 ఏళ్లలో 100కు పైగా పేపర్లు వెలువరించారు. జీవితం మొత్తం మీద 600కు పైగా పేపర్లు, 40 దాకా పుస్తకాలు ఆయన ఖాతాలో ఉన్నాయి. 1976లో జాన్ వాన్ నాయ్‌మన్ థియరీ ప్రైజ్, 1979లో ఐఈఈఈ మెడల్ ఆఫ్ ఆనర్ అందుకున్నారు. 1984 మార్చి 19న కన్నుమూశారు. ఆత్మకథ కూడా అదే ఏడాది వచ్చింది.

ఆయన ధైర్యాన్ని పొగడటం కోసం ఇది చెప్పడం లేదు. ఆయన సూత్రమే ఆయన బతుకులో ఎలా పనిచేసిందో చూడమంటున్నా. ఆపరేషన్‌కు ముందు ఎలా ఉండేవాణ్నన్నది లెక్కకు అవసరం లేదు. ఈ శరీరంతో, ఈ రోజు నుంచి, మిగిలిన దారుల్లో మంచిదేది? ప్రిన్సిపల్ ఆఫ్ ఆప్టిమాలిటీ అంటే అదే కదా.

మీ లెక్క ఎక్కడి నుంచి?

మీలో ఒకరికి రెండు బ్యాక్‌లాగ్‌లు ఉండొచ్చు. ఒకరికి ఏడాది గ్యాప్ వచ్చి ఉండొచ్చు. ఇంకొకరు నాలాగే ఆఫర్ లెటర్ పట్టుకుని ఎదురుచూస్తూ ఉండొచ్చు. మూడు పనులు చేయండి.

ఒకటి, ప్రతి అప్లికేషన్‌కూ గడువు రాసుకోండి. పంపిన తేదీ, గుర్తుచేయాల్సిన తేదీ, వదిలేయాల్సిన తేదీ. రెండుసార్లు మర్యాదగా మెయిల్ పెట్టినా ఉలుకూ పలుకూ లేకపోతే ఆ లింకు తెగినట్టే. దాని మీద కోపం వద్దు, కొత్త దారి వెతకండి. తర్వాత ఎప్పుడో హలో వస్తే సంతోషం, మళ్లీ పట్టికలో చేర్చుకోండి.

రెండు, కబురు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. కంపెనీ అధికారిక మెయిల్ సరి సంఖ్య కబురు. గ్రూపులో తిరిగే ఫార్వర్డ్ పాత పట్టిక. అది మీ దగ్గర్నుంచే వెళ్లి మీ దగ్గరికే వచ్చిందేమో.

మూడు, ఇప్పుడున్న చోటి నుంచే లెక్క మొదలుపెట్టండి. ఆ బ్రాంచి తీసుకోకుండా ఉండాల్సింది, ఆ ఏడాది వృథా చేయకుండా ఉండాల్సింది అన్నవి దాటొచ్చిన రోడ్లు. వాటి ఖర్చు ఇప్పుడు కొత్తగా తగ్గదు.

ఇంటర్వ్యూకు ఈ ముక్కలు

బెల్‌మన్-ఫోర్డ్, డైక్‌స్ట్రా తేడా అడుగుతారు. డైక్‌స్ట్రా 1959 నాటిది, వేగం ఎక్కువ, నెగెటివ్ బరువులుంటే పనికిరాదు. బెల్‌మన్-ఫోర్డ్ నెమ్మది, నెగెటివ్ బరువులున్నా పనిచేస్తుంది. ఊళ్లకంటే ఒకటి తక్కువ రౌండ్లు చాలు. ఆ తర్వాత కూడా దూరం తగ్గుతోందంటే నెగెటివ్ సైకిల్ ఉన్నట్టు.

డిస్టెన్స్ వెక్టర్, లింక్ స్టేట్ రూటింగ్ గేట్ సిలబస్‌లో ఉన్నాయి. కౌంట్ టు ఇన్ఫినిటీని మూడు నోడ్ల బొమ్మ గీసి చెప్పండి, బట్టీ నిర్వచనం వద్దు.

అడ్‌హాక్ నెట్‌వర్కుల మీద ప్రాజెక్టు చేస్తే హలో గడువు ఎంత పెట్టారు, ఎందుకు పెట్టారు, మారిస్తే ఏమైంది అన్నది కచ్చితంగా చూసుకుని వెళ్లండి. రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ చదివేవాళ్లకు బెల్‌మన్ ఈక్వేషన్ అక్కడ మళ్లీ ఎదురవుతుంది. అదే మనిషి, అదే సూత్రం.

ఈసారి ఆరాంఘర్‌లో శంషాబాద్ బస్సెక్కితే గగన్‌పహాడ్ దగ్గర ఓసారి కిటికీలోంచి బయటికి చూడండి. ఆ రోజు కోసుకుపోయిన చోట ఇప్పుడు బండ్లు మామూలుగా పోతున్నాయి. రోడ్డు మళ్లీ పడింది. ఆ రాత్రి మాత్రం దారి తెగిందని తొందరగా తెలుసుకున్నవాళ్లే ఔటర్ ఎక్కి ఎయిర్‌పోర్టుకు చేరారు.